దుప్పటి మీద పత్తి

సారు పోయారన్న సంగతి నాకు చెప్పింది రూతమ్మ. చీరాల బస్సు దిగి నేరుగా మా ఇంటికి వచ్చింది. గుమ్మం బయటే నిలబడి, "సారు ఎల్లిపోయారండి" అంది. కూర్చోమన్నాను. కూర్చోలేదు. నడుం దాటిన జడ ఉన్న మనిషి. ఆ జడ చూసినప్పుడల్లా నాకు సారు ఎడమ చెవి గుర్తుకొస్తుంది. రెండింటికీ ఉన్న సంబంధం ముందు ముందు తెలుస్తుంది. ఎలా పోయారని అడిగితే నిలబడే అంతా చెప్పింది. అది చివర్న రాస్తాను. లెక్కలో మొత్తం ఎప్పుడూ అడుగునే వేయాలి.

ఆయన గుంటూరులో డాక్టరు కాబోయే పిల్లలకు మందుల శాస్త్రం చెప్పే ప్రొఫెసరు. మందు ఒంట్లోకి వెళ్ళి ఏం చేస్తుంది, ఎంత వేస్తే నిలబెడుతుంది, ఎంత వేస్తే పడగొడుతుంది అన్నది ఆయన చదువు. పేరు రాయను. ఎవరైనా మైకులో తన పేరు చదివితే లేచి బయటికి పోయే మనిషి ఆయన.

నేను ఆయన్ని మొదట చూసింది పత్తి మిల్లులో. అక్కడ నేను కాటా దగ్గర గుమాస్తాని. తెల్ల చొక్కా వేసుకున్న బక్కపలచని మనిషి ఒకాయన లోపలికొచ్చి, అప్పుడే బండి మీంచి దించిన పత్తి కుప్ప ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ముఖం అందులో ముంచి గట్టిగా పీల్చారు.

మిల్లు మేస్త్రీ నవ్వాడు. "ఏం సారూ, అట్టా మేస్తన్నారు? గొడ్లు గూడా ముట్టుకోవట్లా దాన్ని."

"గొడ్లకున్న బుద్ధి నీకుంటే దీని పక్కన కూర్చుని అన్నం తినవు" అన్నారాయన, మేస్త్రీ చేతిలోని గిన్నె చూపిస్తూ. "ఏ ఊరి పత్తి?"

"పర్చూరు అవతలదండి."

"తీసే ముందు కూడా మందు కొట్టారు. వాసన ఇంకా పచ్చిగానే ఉంది."

తరవాత నా వైపు తిరిగారు. నేను తూకాలు నోటితోనే కూడి చెబుతున్నాను. కాసేపు విన్నారు. "ఎవరు నేర్పారయ్యా నీకీ లెక్కలు?"

"ఎవరూ నేర్పలేదండి. బడి మధ్యలో మానేశాను. పాత పుస్తకాల కొట్లో గణాంకాల పుస్తకం ఒకటి దొరికితే చదువుకున్నాను."

"మంచిదే. నిన్ను చెడగొట్టినవాడు లేడన్నమాట. సాయంత్రం కాలేజీకి రా."

అలా నేను ఆయనకు లెక్కలయ్యనయ్యాను. పగలు మిల్లు, సాయంత్రం ఆయన గది, ఆయన పిలిస్తే పగలైనా ఆసుపత్రి. ఆయన పరిశోధనకు కావలసిన కూడికలూ సగటులూ గీతలూ నా పని. నేను మొదటిసారి ఆ గదిలోకి వెళ్ళేసరికి ఆయన చేతిలో కప్ప ఉంది. దాని తల వెనక సూది గుచ్చి తిప్పుతున్నారు. మా ఆవిడ తిరగమోతలోకి ఎండుమిరపకాయ తుంచేటప్పుడు ముఖం ఎలా ఉంటుందో ఆయన ముఖం అలా ఉంది. కప్ప కాళ్ళు ఒక్కసారి చాచుకుని వదులైపోయాయి. ఛాతీ కోశారు. గుండె బయటపడింది. దానికి దారం కట్టి, ఆ దారాన్ని ఒక పుల్లకి తగిలించి, పుల్ల మొనని మసి పట్టించిన కాగితం మీద ఆనించారు. కాగితం చుట్టిన గుండ్రటి డబ్బా మెల్లగా తిరుగుతోంది. గుండె కొట్టుకున్నంతసేపూ మసి మీద రంపపు పళ్ళలా తెల్లటి గీత పడింది.

పత్తి చేలో కొట్టే మందు ఒక చుక్క వేశారు. పళ్ళు పొట్టివయ్యాయి, ఎడంగా జరిగాయి, చివరికి గీత చదునుగా సాగింది. అప్పుడు వేరే సీసాలోంచి ఇంకో చుక్క వేశారు. కాసేపటికి గీత మళ్ళీ లేచింది.

"చూశావా లెక్కలయ్యా. ఇద్దరూ రౌడీలే. ఒకడు గొంతు పట్టుకున్నాడు, రెండోవాడొచ్చి వాడి చెయ్యి విరిచాడు. ఈ కొట్లాటలో ఇల్లు కూలకుండా చూడటమే మన ఉద్యోగం."

రెండో రౌడీ పేరు అట్రోపిన్. పురుగుమందు పడిన మనిషికి వేసే సూదిమందు అదే. అది తక్కువైతే మనిషి పోతాడు, ఎక్కువైనా పోతాడు. పుస్తకాల్లో రాసిన మోతాదు మన చేలల్లో పనిచేసే మనిషికి సరిపోతోందా, వార్డుల్లో నిజంగా ఎంత వేస్తున్నారు, వేశాక ఏమవుతోంది అన్నది ఆయన పరిశోధన. ఆ రోజుల్లో అలాంటి రోగులకి కరువు లేదు. పొగాకు చేలు, జొన్న చేలు కూడా పత్తి అయ్యాయి. మందు డబ్బా లేని ఇల్లు లేదు. మంచం కింద కిరసనాయిలు సీసా పక్కనే ఉండేది. అత్త ఒక మాట అంటే తాగారు, మొగుడు చెయ్యి చేసుకుంటే తాగారు. తాగనివాళ్ళు చేలో కొడుతూ ఉండగా గాలి ఎదురు తిరిగి పడిపోయారు. అందరూ పెద్దాసుపత్రిలో ఆ ఒక్క వార్డుకే వచ్చేవారు.

ఆ వార్డు చూడనివాళ్ళకి చెప్పడం కష్టం. నోటెంట నురగతో వచ్చిన మనిషికి సూదులు పడతాయి. కాసేపటికి నురగ ఆరిపోతుంది, ముఖం కందిపోతుంది, కంటిపాప పెద్దదవుతుంది. ఆ తరవాత బుర్ర తిరుగుతుంది. మంచం మీంచి దూకుతారు, కరుస్తారు, పుట్టినప్పటి నుంచీ నేర్చిన బూతులన్నీ తిడతారు. అందుకని కాళ్ళూ చేతులూ గుడ్డతో మంచానికి కట్టేవారు. సిస్టరమ్మ మణికట్టు మీద పళ్ళ గాట్లు ఎప్పుడూ ఉండేవి. మందేసి పిచ్చివాణ్ణి చేశారని బంధువులు కట్లు విప్పేవారు, డాక్టర్ల కాలరు పట్టుకునేవారు. కట్లు విప్పినవాడు ఎంత పెద్దమనిషైనా వాడి చెంప మీద కొట్టేవారు సారు. రోగిని కూడా కొట్టేవారు. "నొప్పి తెలిసిందా? తెలిస్తే బతికే ఉన్నావు, పడుకో."

కొంతమందికి వేళ్ళు కదిలేవి. బొటనవేలూ చూపుడువేలూ కలిపి దుప్పటి మీంచి ఏదో పట్టుకుని లాగడం, లాగినదాన్ని ఒంటి పక్కన వేయడం, మళ్ళీ చెయ్యి చాచడం. అక్కడ దుప్పటి తప్ప ఏమీ ఉండదు. ఈ గుర్తుకి పుస్తకాల్లో నోరు తిరగని పేరేదో ఉందట. మా వార్డులో ఆయమ్మ దగ్గర్నుంచి అందరూ ఒకే పేరుతో పిలిచేవారు.

"కిటికీ పక్క మంచం పత్తి తీస్తన్నాడు సార్" అనేది సిస్టరమ్మ.

అంటే మందు అందింది, ఇక కొంచెం తగ్గించవచ్చు అని. సారు వెళ్ళి ఆ వేళ్ళనే చూస్తూ నిలబడేవారు. "తియ్యరా తియ్యి. ఈ పత్తికి పురుగు లేదు" అనేవారు. అందరినీ తిట్టే ఆయన గొంతు అప్పుడు మాత్రం మెత్తబడేది.

ఆయన వార్డు డాక్టరు కాదు. పాఠం చెప్పే మనిషి, రాసుకోవడానికి వచ్చేవారు. చిన్న డాక్టర్లు వెనక నుంచి కప్పల డాక్టరనేవారు. ఆయనకి తెలుసు. రోగి దగ్గరికెళ్తే నాడి కన్నా ముందు వాసన చూసేవారు. చేతులు, చొక్కా కాలరు, ఒక్కోసారి చెప్పులు. వార్డులో నవ్వులాటగా ఉండేది.

నా దగ్గరికొచ్చిన లెక్కలో కొందరు రోగులు ఇమిడేవారు కాదు. మిగతావాళ్ళందరికీ మందు మోతాదు గీత కొండ దిగినట్టు దిగుతుంది. వీళ్ళకి దిగి, మళ్ళీ లేస్తుంది. బాగుపడ్డారనుకున్నాక తిరగబెట్టేది. ఒక సాయంత్రం నేను, "వీళ్ళని పక్కన పెట్టేస్తే లెక్క అందంగా వస్తుందండి" అన్నాను. బోర్డు తుడిచే డస్టరు వచ్చి నా భుజానికి తగిలింది.

"అందం మీ ఆవిడ ముగ్గులో చూసుకో. పక్కన పెడతాడంట. ఆళ్ళేం చచ్చిన ఈగలా, గ్లాసులోంచి తీసి పారేయడానికి? అదే ఎందుకు లేస్తుందో చెప్పు, చేతనైతే."

చెప్పడం నాకు చేతకాలేదు. అప్పటికి ఆయనకీ చేతకాలేదు. ఆ కోపంలోనే డస్టరు విసిరారని నాకు తరవాత అనిపించింది.

రూతమ్మ ఆ వార్డుకి వచ్చింది పత్తితీతల కాలంలోనే. పర్చూరు వైపు పల్లె. మొగుడు దావీదు, తను, ఇద్దరూ కూలీలు. అన్న యాకోబు అదే ఊళ్ళో కౌలుకి పత్తి వేసేవాడు. చేతులు బండి ఇరుసుల్లా ఉండేవి. పక్క ఊళ్ళో బంధువుల పెళ్ళికి వెళ్తానని ఆమె, తీతలప్పుడు పెళ్ళేంటని దావీదు, ముందురోజు ఇద్దరూ ఊరు వినేలా పోట్లాడుకున్నారు. తెల్లారి ఆమె నురగ కక్కుతూ పడిపోయింది. మందు తాగిందని ఊరంతా అనుకుంది. ఆమె తల్లీ అన్నా మాత్రం, మొగుడే తాపాడన్నారు.

కడుపు కడిగారు. బట్టలు మార్చారు. సూదులు వేశారు. మర్నాటికి కళ్ళు తెరిచింది. తాగావా అని డాక్టరు అడిగితే అడ్డంగా తలూపింది.

యాకోబు ఆ తలూపు చూశాడు. "తాగలేదంటంది. అంటే ఎవుడో తాపాడు" అంటూ వరండాలోకి నడిచాడు. దావీదు అక్కడ గోడకానుకుని కూర్చుని ఉన్నాడు. జుట్టు పట్టుకుని లేపి, తల గోడకేసి కొట్టాడు. దావీదు నుదురు చిట్లింది. పెదవి చీలింది. నలుగురు కలిసి లాగితే కానీ యాకోబు వదల్లేదు. "నా చెల్లెలు పోయిందా, ఈ మెట్ల మీదే నిన్ను పాతేస్తా" అన్నాడు. అరవలేదు. మామూలుగా చెప్పాడు. వరండాలో ఉన్నవాళ్ళలో ఆ మాట నమ్మనివాడు లేడు.

మధ్యాహ్నానికి రూతమ్మకి తిరగబెట్టింది. మళ్ళీ నురగ, మళ్ళీ ఒళ్ళు అదరడం. సూదులు పెంచితే లేచింది, తగ్గిస్తే పడింది. సారుకి కబురు వెళ్ళింది. ఆయన వెనకే నేనూ వెళ్ళాను.

"కడుపు కడిగారు. బట్టలు మార్చారు" అన్నారు ఆయన మంచం పక్కన నిలబడి, తనలో తను. "మరి ఎక్కణ్ణుంచి వస్తోంది? కొట్టు ఎక్కడో తెరిచే ఉంది." అరికాళ్ళ దగ్గర మొదలుపెట్టి వాసన చూసుకుంటూ పైకి వచ్చారు. గోళ్ళు, మోచేతులు, మెడ. జడ దగ్గర ఆగారు. జుట్టు నున్నగా మెరుస్తోంది. చిక్కులు పడిపోతోందని తల్లి ఆ పొద్దునే కొబ్బరినూనె రాసి, దువ్వి, గట్టిగా జడ అల్లింది. సారు ఆ జడ పాయల్లో ముక్కు పెట్టి పీల్చారు. వెంటనే తల ఎత్తి, "కత్తెర" అన్నారు.

సిస్టరమ్మ కట్లు కోసే కత్తెర ఇచ్చింది. సారు ఎవరినీ అడగలేదు. ఎవరికీ చెప్పలేదు. జడని మొదట్లో పట్టుకుని కొడవలితో చొప్ప కోసినట్టు కోశారు. అది నేలమీద పడింది. తల్లి ఒక కేక పెట్టింది. "మొగుడు బతికుండగానే జుట్టు తీస్తన్నాడురో, నా బిడ్డని పీనుగని చేస్తన్నాడురో."

యాకోబు వరండా నుంచి వచ్చాడు. అతని దెబ్బ సారు ఎడమ చెవి మీద పడింది. గోనెబస్తా పైనుంచి నేలమీద పడ్డ చప్పుడు. ఆయన మందుల బల్ల మీద పడ్డారు. సీసాలు పగిలాయి. మోచేతి మీద లేచారు. కత్తెర చేతిలోనే ఉంది. చెవిలోంచి రక్తం కాలరులోకి దిగుతోంది. మళ్ళీ వచ్చి రూతమ్మ తల పట్టుకుని, మిగిలిన జుట్టు కుదుళ్ళ దాకా కత్తిరించడం మొదలుపెట్టారు.

యాకోబు రెండోసారి చెయ్యెత్తాడు.

"ఇంకో చెవి ఉందిలే, ఎక్కడికీ పోదు. ముందు ఈ పని కానీ" అన్నారు సారు, తల తిప్పకుండా.

యాకోబుని వెనక నుంచి ఒడిసి పట్టుకున్నది దావీదు. పొద్దున అతని చేతిలోనే తన్నులు తిన్న మనిషి. ఇద్దరూ కింద పడ్డారు. దావీదు నుదుటి రక్తం యాకోబు చొక్కాకి అంటుకుంది. "ఆగు బావా. నన్ను తరవాత చంపుదువు గానీ, ఆయన్ని చెయ్యనియ్యి" అని అదే మాట అంటూ ఉన్నాడు. సిస్టరమ్మ నీళ్ళూ సబ్బూ తెచ్చింది. సారు తలంతా రుద్ది రుద్ది కడిగారు. తల్లిని కూడా పంపు దగ్గరికి లాక్కెళ్ళి మోచేతుల దాకా కడిగించారు. కోసిన జుట్టుని పెరట్లో తగలబెట్టించారు.

ఆ తరవాత ఆమెకి తిరగబెట్టలేదు. సాయంత్రానికి దుప్పటి మీద పత్తి తీసింది. మర్నాడు పూర్తిగా తెలివిలోకి వచ్చి తల తడుముకుంది.

"నా జుట్టేదండి?"

"తగలబెట్టాం. పేలు కూడా చచ్చాయి. సంతోషమేనా?"

ఆమె ముఖానికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుంది. ఆ చేతుల వెనక నుంచే చెప్పింది. పెళ్ళికి వెళ్తూ పేల తలతో ఎట్లా పోను అని, డబ్బాలో మిగిలిన పత్తి మందు నూనెలో కలిపి రాసుకుంది. గుడ్డ కట్టుకుని పడుకుంది. ఊళ్ళో చాలామంది చేసేదే. పురుగు చచ్చేది, పేను చావదా అని. తాగావా అని అందరూ అడిగారు, తలకేం రాశావని ఎవరూ అడగలేదు. అన్న ఎదుటా మొగుడి ఎదుటా తనకు పేలున్నాయని ఆడమనిషి తనంతట తను చెప్పదు. తల్లి దువ్విన ప్రతిసారీ, నూనె రాసిన ప్రతిసారీ, విషం మళ్ళీ కొత్తగా లోపలికి దిగింది.

నా గీత ఎందుకు లేస్తోందో అప్పుడు తెలిసింది. పక్కన పెడదామన్న వాళ్ళ కాగితాలన్నీ తీసి సారు ముందు పెట్టాను. ఆయన చెవిలో దూది పెట్టుకుని ఉన్నారు. చూసి, "అందంగా ఉందా ఇప్పుడు?" అన్నారు.

యాకోబు వరండా మెట్ల మీద తల వంచుకుని కూర్చుని ఉన్నాడు. పారిపోలేదు. సారు వెళ్ళి ఎదురుగా నిలబడ్డారు. "ఒరేయ్, నీ చెయ్యి బరువైంది. పాడుచేసుకోకు. ఇటు రా." లోపలికి తీసుకెళ్ళి, కట్లు తెంపుకుంటున్న ఒక రోగి భుజాలు పట్టుకోమన్నారు. సాయంత్రం దాకా యాకోబు ఆ మనిషిని పట్టుకునే నిలబడ్డాడు. ఆ రోగి అతని ముంజేతిని కొరికాడు. యాకోబు చెయ్యి తీయలేదు.

రూతమ్మ ఇంటికి వెళ్ళేరోజు సారు ఆ కత్తెర ఆమె చేతిలో పెట్టారు. "మీ ఊళ్ళో ఎవరు పడిపోయినా, తాగినా తాగకపోయినా, బండి కట్టేముందు బట్టలు కోసెయ్. జుట్టు కోసెయ్. మొగాడా ఆడదా చూడకు." వార్డు గోడ మీద తనే ఎర్ర రంగుతో రాశారు: ముందు బట్టలు, జుట్టు. ఏడుపు తరవాత.

ఆయన ఎడమ చెవికి వినికిడి మళ్ళీ రాలేదు. మాట్లాడేవాళ్ళ వైపు కుడి చెవి తిప్పడం, మెడ కొంచెం వంచడం ఆయన గుర్తుగా అయిపోయింది. చిన్న డాక్టర్లు ఏదైనా చాడీ చెబితే ఎడమ చెవి చూపేవారు. యాకోబు ఏడాదికోసారి ఎండుమిరపకాయల మూటతో కాలేజీకి వచ్చేవాడు. ఎప్పుడొచ్చినా సారుకి ఎడమ వైపునే నిలబడి, గొంతు తగ్గించి ఏదో చెప్పేవాడు. సారు రాసుకుంటూనే ఉండేవారు. ఒకసారి అతను వెళ్ళిపోయాక అడిగాను.

"ఏం చెప్తాడండీ?"

"నాకేం తెలుసు?"

"ఇటు వైపు రమ్మనకపోయారా?"

"ఇటు వస్తే చెప్పలేడు. అక్కడైతే చెప్పగలుగుతున్నాడు, చెప్పనీ."

తరవాత తెల్లదోమ పడింది. పత్తి చూసినవాళ్ళకి ఆ ఏడు మళ్ళీ చెప్పనక్కరలేదు. ఆకులు కింద తెల్లగా, పైన మసి పట్టి నల్లగా. ఏ మందు కొట్టినా చావలేదు. మందు మీద మందు కొట్టారు. చివరికి దోమ బతికింది. వార్డులో మంచాలు చాలక నేలమీద చాపలు వేశారు. ఆసుపత్రి మెట్ల దగ్గర రోజూ కొట్లాట. అప్పిచ్చినవాడిని చనిపోయినవాడి కొడుకులు తరుముతున్నారు, మందమ్మినవాడి సైకిల్ని విరగ్గొడుతున్నారు. సారు ఇంటికి వెళ్ళడం మానేశారు. చొక్కా మీద ఎప్పుడూ ఎవరో కక్కిన మరక.

ఒక మిట్టమధ్యాహ్నం ట్రాక్టరు మీద ఒక మనిషిని తెచ్చారు. ఒంటి మీద గోనెపట్టా తప్ప ఏమీ లేదు. తల ఎగుడుదిగుడుగా కత్తిరించి ఉంది. ఆ తల చూసి సారు ఆగిపోయారు. ట్రాక్టరు మీంచి రూతమ్మ దిగింది. చేతిలో కత్తెర.

సారు కుడి చెవి ఆమె వైపు తిప్పారు. "నువ్వే కోశావా?"

"నేనేనండి. మా అన్న. తాగాడు."

"బాగా కోశావు."

సారు యాకోబుకి సూదులు తనే వేశారు. నేను గోడ దగ్గర నిలబడి, ఎంత వేశారో రాసుకుంటున్నాను. అంతకు ముందు నా కాగితాల మీద ఎవరికీ రాయనంత అంకె రాశాను. యాకోబు కంటిపాప ఆవగింజలాగే ఉండిపోయింది. రూతమ్మ నేలమీద కూర్చుని అన్న చేతిని తన ఒడిలో పెట్టుకుంది. ఆమె అతని ముఖం చూడటం లేదు, వేళ్ళు చూస్తోంది. ఆ వార్డులో పడుకుని లేచిన మనిషి కదా, దేనికోసం చూడాలో తెలుసు.

"పత్తి తియ్యట్లేదండి" అంది ఒకసారి.

"తీస్తాడు" అన్నారు సారు.

ఇంకాసేపటికి, "ఇంకా తియ్యట్లేదండి" అంది.

ఆయన ఇంకో సూది వేశారు. ఆ వేళ్ళు కదల్లేదు. ఊపిరి బరువెక్కి, ఎడంగా జరిగి, ఆగింది. మసి కాగితం మీద గీత చదునుగా సాగినట్టు.

అప్పుడు సారు యాకోబు చెంప మీద కొట్టారు. నేను మొదట అలవాటుగానే కొట్టారనుకున్నాను. మళ్ళీ కొట్టారు. ఇంకా గట్టిగా, చెయ్యి వెనక్కి లాగి మరీ కొట్టారు. ఆ తల అటూ ఇటూ ఊగింది. "లేవరా. నన్ను పడగొట్టినోడివి, దీనికా పడిపోయేది? రెండో చెవి ఉందిరా. లే. కొట్టు."

వార్డు ఒక్కసారి లేచింది. పాత పగ తీర్చుకుంటున్నాడని ఎవరో అన్నారు. యాకోబు ఊరివాళ్ళు ముందుకొచ్చారు. "శవాన్ని కొడతన్నాడ్రా" అంటూ ఒకడు సెలైను కడ్డీ ఊడబెరికాడు. సారుకి అది కనబడలేదు. వాడు ఎడమ వైపు నుంచి వస్తున్నాడు, వినబడనూ లేదు.

రూతమ్మ లేచి అడ్డంగా నిలబడింది. అన్న చెయ్యి ఆమె ఒడిలోంచి జారి నేలకి తగిలింది.

"దించు దాన్ని" అంది.

"నీ అన్ననే కొడతన్నాడు, కనబడట్లా?"

"కొట్టట్లేదు. లేపుతున్నారు."

వాడు కడ్డీ దించాడు. సారు ఆగిపోయారు. తన అరచెయ్యి చూసుకున్నారు. ఎర్రగా వాచి ఉంది. అలాగే నేలమీద, చాపల మధ్య కూర్చుండిపోయారు. నన్ను చూసి, "వీణ్ణి లెక్కలోంచి తీసెయ్ లెక్కలయ్యా" అన్నారు.

"తీయనండి" అన్నాను.

ఆయన దగ్గర ఆ రోజు విసరడానికి ఏమీ లేదు. తలూపారు. యాకోబు అంకె ఆ లెక్కలో అలాగే ఉంది. దానివల్ల సగటు కొంత చెడింది. చెడనిచ్చాను.

కొన్నాళ్ళకే ఆయన ఉద్యోగం వదిలేసి చీరాలలో చెల్లెలి ఇంటికి వెళ్ళిపోయారు. ఆ పరిశోధన ఎక్కడా అచ్చు కాలేదు. నేను చూడటానికి వెళ్తే వాడరేవుకి తీసుకెళ్ళేవారు. ఎండబెట్టిన చేపల మధ్య నడిచి, ఇసకలో కూర్చుని, సముద్రానికి ఎడమ చెవి పెట్టేవారు. "ఇటు కూర్చుంటే సగం హోరే. రెండో సగం మీ యాకోబు తీసుకుపోయాడు" అనేవారు. అతని మూట రావడం ఆగలేదు. అన్న బదులు రూతమ్మ తెచ్చేది. ఆమె కుడి వైపునే కూర్చునేది. ఎవరికి జుట్టు కోసిందో, ఎవరు బతికారో, ఎవరు తిట్టారో చెప్పేది.

ఈసారి మూట తీసుకెళ్ళేసరికి ఆయన మంచంలో ఉన్నారట. ఎవరినీ గుర్తుపట్టడం లేదు. చుట్టూ చెల్లెలూ పిల్లలూ ఉన్నారు. ఆయన కుడి చెయ్యి దుప్పటి మీద ఏదో వెతుకుతోంది. కళ్ళజోడేమోనని ఒకరు చేతికిచ్చారు. పెన్నేమోనని ఇంకొకరు. రెండూ పక్కకి తోసేసి, బొటనవేలూ చూపుడువేలూ కలిపి మళ్ళీ చెయ్యి చాచారు. ఆ చేతిని కట్టేస్తే నయమేమో అని ఒకరన్నారు.

"కట్టొద్దన్నానండి" అంది రూతమ్మ మా గుమ్మం ముందు నిలబడి. "పత్తి తీస్తన్నారు."

తీసింది పడేయడానికి చోటు లేక ఆ చెయ్యి గాలిలో తడబడుతోందట. అందుకని ఆమె మంచం పక్కన కూర్చుని, చేలో కట్టుకున్నట్టే కొంగు నడుముకి చుట్టి ఒడి కట్టింది. దాన్ని ఆయన చేతి కింద పట్టింది. ఆయన ఒక్కొక్కటే తీసి అందులో వేశారట. సాయంత్రం వరకు వేశారట.

"తరవాత?" అన్నాను.

"తరవాత చెయ్యి ఒళ్ళోనే ఉండిపోయిందండి" అంది.